మొండి అని తేల్చేశాక

పిల్లవాడు తల తీసుకెళ్లి గోడకేసి బాదుకుంటున్నాడంటే మనవాళ్లకు తీర్పు చెప్పడానికి నిమిషం పట్టదు. ‘మొండి’. ఇంకో అడుగు ముందుకేస్తే ‘తల్లి గారాబం చేసి పాడు చేసింది’. ఆ వెంటే మందు కూడా వాళ్లే చెప్పేస్తారు: నాలుగు తగిలించండి, దారికొస్తాడు. దెబ్బకు దెయ్యం దిగుతుందనీ, మొక్కై వంగనిది మానై వంగదనీ, దండం దశగుణమనీ సామెతలు చేతికందేంత దూరంలోనే ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లలతోను, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతోను పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ తీర్పు తప్పు. ఆ మందు రోగాన్ని పెంచుతుంది. పెద్దవాళ్లు ఈ మాటలు అంటుంటే మర్యాదకు తలూపి ఊరుకున్న రోజులున్నాయి. నేను తలూపిన ప్రతిసారీ ఆ సాయంత్రం ఒక పిల్లవాడి వీపు మీద దెబ్బ పడిందని తెలిశాక ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ముందు ఆ మాటనే పట్టుకుందాం. పిల్లవాడు ఎందుకు బాదుకుంటున్నాడు? మొండివాడు కనక. మొండివాడని ఎలా తెలిసింది? కనబడటంలా, ఎలా బాదుకుంటున్నాడో! బయల్దేరిన చోటికే తిరిగొచ్చి నిలబడ్డాం. జ్వరం ఎందుకొచ్చిందయ్యా అంటే ఒళ్లు కాలుతోంది కనక అన్నట్టుంది. చూసినదానికే ఇంకో పేరు పెట్టి, ఆ పేరునే కారణమని చెప్పుకుంటున్నాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన జీవితమంతా పోరాడింది ఇలాంటి ఉత్తుత్తి వివరణల మీదే. పేరు దొరకగానే వెతకడం మానేస్తాం, అదీ వాటి ప్రమాదం. మొండి అని తేల్చేశాక ఆ పిల్లవాడి పన్ను నొప్పిగా ఉందా, పని చేతకావడం లేదా, ఎవరూ పలకరించక విసిగిపోయాడా అని అడిగేవాళ్లుండరు. కేసు కొట్టేసినట్టే.

స్కిన్నర్ 1930ల్లో ప్రయోగశాలలో మొదలుపెట్టిన పనిని ఆస్పత్రులకు, బడులకు, ఇళ్లకు తీసుకొచ్చిన శాస్త్రమే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. అందరూ ఏబీఏ అంటారు. 1968లో దానికంటూ ఒక పత్రిక మొదలైంది. ఆ ఏడాదే డొనాల్డ్ బేర్, మాంట్రోస్ వుల్ఫ్, టాడ్ రిస్లీ అనే ముగ్గురు ఆ శాస్త్రం ఎలా ఉండాలో రాసిపెట్టారు. మనుషులకు నిజంగా అక్కరకొచ్చే సమస్యనే తీసుకోవాలి, కంటికి కనబడేదాన్ని కొలవాలి, చేసిన మార్పు వల్లే ఫలితం వచ్చిందని చూపించాలి. అందులో గుండెకాయ లాంటి ఆలోచన మన వంటింట్లో ఎవరికైనా అర్థమవుతుంది. ఏ ప్రవర్తనైనా ఊరికే నిలబడదు. దాని వల్ల ఏదో ఒకటి దొరుకుతుంటేనో, ఏదో ఒకటి తప్పుతుంటేనో అది నిలబడుతుంది. కాబట్టి పిల్లవాడి తలలో ఏముందని ఊహించకు. ఆ పనికి ముందు ఏం జరిగిందో, ఆ వెంటనే ఏం జరిగిందో చూడు.

చూడటం ఎంత కష్టమో చెప్పడానికి ఒక ఇంటి సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ల పిల్లవాడు, మాటలు రావు. నేను మొదటిసారి వెళ్లేసరికి నుదుటి మీద రూపాయి బిళ్లంత కాయ కాసి ఉంది. గోడ మీదా ఒక మచ్చ, సరిగ్గా వాడి ఎత్తులో, సున్నం రాలి లోపలి ఇటుక ఎర్రగా కనబడుతోంది. నాయనమ్మ మంచం మీద కూర్చుని చెప్పింది: “ఏం లేదు టీచరమ్మా, ఒట్టి మొండి. వాళ్ల తాత పోలిక. మా కోడలు చెయ్యెత్తదు, అదీ అసలు రోగం.” కోడలు చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

ఆ తల్లికి ఒక రూళ్ల నోటుపుస్తకం ఇచ్చి పేజీకి మూడు గళ్లు గీయించాను. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే ఏం జరిగింది. ఒకటే షరతు పెట్టాను. కోపమొచ్చింది, మొండికేశాడు అని రాయొద్దమ్మా, కంట్లో పడింది మాత్రమే రాయి. మొదటి రెండు రోజులూ ఆమెకు చేతకాలేదు. ‘అలిగాడు’ అని రాసేది. అలిగాడని ఎలా తెలిసిందమ్మా అంటే నవ్వి కొట్టేసి, ‘మూలకెళ్లి గోడ వైపు తిరిగాడు’ అని దిద్దేది. పన్నెండు రోజుల తర్వాత ఇద్దరం ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ముప్పై నాలుగుసార్లు బాదుకున్నాడు. అందులో ఇరవై ఆరుసార్లు మొదటి గడిలో ఉన్నది ఒకే వస్తువు, పలక. మూడో గడి చదివితే నాకు ఒళ్లు జలదరించింది. ‘రెండు దెబ్బలేసి పలక తీసేశాను.’ ‘అత్తయ్య తిట్టి పక్క గదిలోకి పంపింది.’ ‘ఏడుస్తుంటే ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్లారు.’ ఒకరోజు దెబ్బ, ఒకరోజు తిట్టు, ఒకరోజు లాలన. ఏది జరిగినా పలక మాత్రం ప్రతిసారీ కంటి ముందు నుంచి పోయింది.

ఇంతకీ ఆ పలక మీద వాడిని రాయమన్నది గుణింతం. సున్నా చుట్టడానికే వేళ్లు తిరగని పిల్లవాడికి గుణింతం. బలపం పట్టుకోలేడు, నా వల్ల కాదని చెప్పడానికి నోరు లేదు. ఒకరోజు ఎలాగో తల గోడకు తగిలింది, పలక పోయింది. వాడు నేర్చుకున్నాడు. మీరైనా నేనైనా అదే నేర్చుకుంటాం. తల బాదుకోవడం వాడికి దొరికిన ఒకే ఒక్క వాక్యం. దాని అర్థం ‘చాలు’. మనం వాడికిస్తున్న శిక్ష, అంటే పక్క గదిలోకి పొమ్మనడం, ఆ వాక్యానికి ‘సరే’ అనే జవాబు. రోజుకు రెండు మూడుసార్లు సరే అంటూ, వీడు ఎందుకు మానడని అడుగుతున్నాం.

బళ్లలో ఇదే పెద్ద ఎత్తున జరుగుతుంది. పాఠం అర్థంకాని పిల్లవాడు పక్కవాణ్ని గిల్లుతాడు. ‘బయటికెళ్లి నిలబడు’ అంటారు. వాడికి కావలసింది బయటే. రేపు ఇంకొంచెం ముందే గిల్లుతాడు. ఒకప్పుడు వీధిబడుల్లో కోదండం, గోడకుర్చీ, తొడపాశం, ఈతబెత్తం ఉండేవి. ఇప్పుడు టీసీ ఇచ్చి పంపిస్తామంటున్నారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కొట్టకపోతే మాట వినరనే నమ్మకాన్ని మాత్రం ఏ సెక్షనూ తీసెయ్యలేకపోయింది.

ఆ నమ్మకం అంత గట్టిగా ఎందుకు నిలిచింది? “కొడితే ఆపుతున్నాడు కదండీ” అంటారు తండ్రులు. నిజమే, ఆపుతాడు. ఆ క్షణానికి ఆపుతాడు. దెబ్బ ఎవరికి పాఠం నేర్పిందో చూడండి. గోల ఆగింది, తండ్రికి ప్రాణం కుదుటపడింది. చెయ్యెత్తితే ప్రశాంతత దొరుకుతుందని నేర్చుకున్నది తండ్రి. బాధ తప్పడం వల్ల ఒక ప్రవర్తన బలపడటాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. నేను చూసిన బీఈడీ విద్యార్థుల్లో చాలామంది దీన్ని శిక్ష అని రాసేస్తారు. శిక్ష ప్రవర్తనను తగ్గించేది, ఇది పెంచేది. ఇక్కడ పెరుగుతున్నది కొట్టే అలవాటు. నిన్న ఒక దెబ్బకు ఆగినవాడు నేడు రెండింటికి ఆగుతాడు, వచ్చే నెల బెల్టు తీయాల్సి వస్తుంది. ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరినొకరు ఇలా ఎలా బిగించుకుపోతారో 1982లో ఒక పుస్తకమే రాశాడు. పిల్లవాడు అరిస్తే తల్లి లొంగుతుంది, తల్లి అరిస్తే పిల్లవాడు లొంగుతాడు, ఇద్దరికీ అరుపే పనిముట్టవుతుంది.

గారాబం అనే నిందకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కిరాణా కొట్టు ముందు పిల్లవాడు నేల మీద పడి దొర్లుతుంటే, నలుగురూ చూస్తుంటే, తల్లి చిప్స్ ప్యాకెట్ కొనిస్తుంది. ఏడుపు ఆగుతుంది. ఆమె చేసిన నేరమేమిటి? వాడికి ప్యాకెట్ దొరికినట్టే ఆమెకు ఆ చూపుల నుంచి విముక్తి దొరికింది. ఇద్దరూ ఒకే నియమానికి కట్టుబడి ఉన్నారు. ‘పెంపకం లోపం’ అని ఆమె వైపు వేలు చూపించే బంధువులకు ఒక మాట చెప్పాలని ఉంది. ఆమెను ఆ ప్యాకెట్ కొనేలా చేసింది మీ చూపులే.

అరుపుకీ తిట్టుకీ ఎంత బలముందో చూపించే ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. 1968లో ఛార్లెస్ మాడ్సెన్, వెస్లీ బెకర్, వాళ్ల సహచరులు ఒకటో తరగతి గదిలో చేశారది. 48 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పిల్లలు మాటిమాటికీ సీట్లోంచి లేస్తున్నారు. ‘కూర్చో’ అని చెప్పడం పెంచమని టీచర్లను అడిగారు. లేవడం తగ్గిందా? పెరిగింది. టీచర్లు ఎంత ఎక్కువగా కూర్చోమంటే పిల్లలు అంత ఎక్కువగా లేచారు. చెప్పిన వెంటనే ఆ ఒక్కడు కూర్చుంటాడు కాబట్టి తన మాట పనిచేస్తోందని టీచరుకు అనిపిస్తుంది. గది మొత్తం లెక్క తీస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. లేచి నిలబడితే టీచర్ నా వైపు చూస్తుందని పిల్లలు కనిపెట్టేశారు. కూర్చుని పని చేసుకుంటున్న పిల్లల్ని మెచ్చుకోవడం మొదలుపెట్టాక లేవడం తగ్గింది. నేను చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోందనే ప్రతి తల్లికీ, ప్రతి టీచరుకీ ఈ సంగతి తెలియాలి. కొన్ని ఇళ్లలో ఆ తిట్టు కోసమే అల్లరి జరుగుతుంది. రోజంతా ఎవరూ పలకరించని పిల్లవాడికి తిట్టు కూడా పలకరింపే.

అంటే పిల్లలంతా దృష్టి కోసమే చేస్తారని కాదు. ‘ఏం లేదు, అటెన్షన్ కోసం చేస్తున్నాడు’ అనే చదువుకున్నవాళ్ల తీర్పు మొండి అనే పాత తీర్పుకు కొత్త చొక్కా. అదీ చూడకుండా చెప్పేదే. తమను తాము గాయపరచుకునే పిల్లల గురించి 1977లో ఎడ్వర్డ్ కార్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, ఒకే రకం ప్రవర్తనకు వేర్వేరు కారణాలుండొచ్చని చెప్పాడు. బాల్టిమోర్‌లోని కెనెడీ ఇన్‌స్టిట్యూట్‌లో బ్రయన్ ఇవాటా బృందం 1982లో దాన్ని పరీక్షకు పెట్టింది. తొమ్మిది మంది పిల్లలు. ఒక సెషన్లో కొట్టుకుంటే పెద్దవాళ్లు దగ్గరికొచ్చి అయ్యో వద్దమ్మా అంటారు. ఒకదాంట్లో పని ఇచ్చి, కొట్టుకుంటే కాసేపు ఆపుతారు. ఒకదాంట్లో ఒంటరిగా ఉంచుతారు. ఇంకోదాంట్లో ఆడుకోనిస్తారు, ఏ ఒత్తిడీ ఉండదు. ఎప్పుడు ఎక్కువ కొట్టుకుంటున్నారో లెక్కపెట్టారు. ఒక్కొక్కరికీ లెక్క వేరుగా వచ్చింది. 1994లో అదే బృందం 152 మంది ఫలితాలు ప్రచురించింది. దాదాపు 38 శాతం మంది పని నుంచి, ఒత్తిడి నుంచి తప్పుకోవడానికి చేస్తున్నారు. సుమారు 26 శాతం మంది మనుషుల స్పందన కోసమో వస్తువు కోసమో. ఇంకో 26 శాతం మందికి ఎవరితోనూ సంబంధం లేదు, చుట్టూ ఎవరున్నా లేకున్నా చేస్తారు, ఆ పని వల్ల ఒంటికి కలిగే అనుభూతే వాళ్లకు కావాలి. మిగిలిన కొద్దిమందిలో ఒకటికి మించిన కారణాలున్నాయి, లేదా తేలలేదు. ఆ పట్టికలో ‘మొండి’ అనే వరస లేదు.

ఈ లెక్కలు అమెరికావి, మన పిల్లలు వేరని అంటారేమో. ఎంత శాతమనేది ఊరిని బట్టి మారొచ్చు. విడిగా చూడకుండా వైద్యం చేయకూడదనే సూత్రం ఎక్కడికీ మారదు. పని తప్పించుకోవడానికి కొట్టుకునేవాడిని ఒంటరిగా కూర్చోబెడితే బహుమతి ఇచ్చినట్టు. మనిషి కోసం కొట్టుకునేవాడి దగ్గరికి పరిగెత్తుకెళ్లి బుజ్జగిస్తే అదీ బహుమతే. ఒకడికి మందైంది ఇంకొకడికి మేత. అందరికీ ఒకే దెబ్బ అనేవాళ్లు కడుపునొప్పికీ కాలు విరిగినదానికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి లాంటివాళ్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆరేళ్ల పాప ఒకతె అరచేత్తో చెంపను, చెవి పక్కను టపటపా కొట్టుకునేది. ఇంట్లో దెబ్బలు తింటోంది. నేను కొట్టొద్దని చెప్పి, నా తెలివితో ఇంకో సలహా ఇచ్చాను. ‘పట్టించుకోకండి, చూడనట్టే ఉండండి, తగ్గిపోతుంది.’ రాసుకోలేదు, గమనించలేదు, అప్పుడే చదివిన రెండు పేజీల ధైర్యంతో చెప్పేశాను. మూడు వారాలు ఆ తల్లి గుండె రాయి చేసుకుని చూడనట్టు ఉంది. ఒకరోజు దిండు మీద పసుపుపచ్చ మరక కనబడింది. చెవిలో చీము. డాక్టరు మందు వేశాక పది రోజుల్లో కొట్టుకోవడం పోయింది. మూడు వారాలు ఒక పాప తన నొప్పిని తనకొచ్చిన ఒకే పద్ధతిలో చెబుతుంటే, వినొద్దని ఇంటిల్లిపాదికీ నేర్పింది నేను. అప్పటి నుంచి ఏ పిల్లవాడు వచ్చినా మొదటి ప్రశ్నలు చెవి, పన్ను, మలబద్ధకం, నిద్ర, మూర్ఛ. ఇవి చూపించుకుని రాకుండా నోటుపుస్తకం ఇవ్వను. ఇవాటా బృందం కూడా డాక్టరు పరీక్ష చేయనిదే ఏ పిల్లవాడినీ తీసుకోలేదు.

‘పట్టించుకోకండి’ అనే సలహా ఇప్పుడు యూట్యూబ్ నిండా ఉంది. ఏబీఏ పేరుతో తెలుగు ఇళ్లలోకి ముందుగా చేరింది ఆ ఒక్క ముక్కే. దాని గురించి చెప్పని సంగతులు రెండున్నాయి. నిన్నటిదాకా పనిచేసిన ఏడుపు ఇవాళ పనిచేయకపోతే పిల్లవాడు వెంటనే మానడు, ముందు పెంచుతాడు. లిఫ్టు రాకపోతే మనం బటన్‌ను నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాం, అలాగే. ఆ పెరిగిన రోజున తల్లి తట్టుకోలేక లొంగిపోతే, పిల్లవాడు నేర్చుకునేది ఇంకా గట్టిగా ఏడవాలనే. అప్పుడప్పుడు మాత్రమే లొంగడం ఎప్పుడూ లొంగడం కంటే చెడ్డది. ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీని జనం ఎంత పట్టుకుని వేలాడతారో తెలిసిందే. ఇక తల పగిలేలా బాదుకునే పిల్లవాడి విషయంలో చూడనట్టుండటం సలహా కాదు, నిర్లక్ష్యం.

మరి ఏం చేయాలి? వాడు ఆ పనితో సంపాదించుకుంటున్నదాన్ని మంచి దారిలో సంపాదించుకోవడం నేర్పాలి. పలక చూస్తే బాదుకునే ఆ పిల్లవాడికి అరచేతి అంత అట్టముక్క ఒకటి ఇచ్చాం. దాని మీద చేయి అడ్డంగా పెట్టిన బొమ్మ. అది మా చేతిలో పెడితే పని ఆగుతుంది. పని కూడా మార్చాం. గుణింతం తీసేసి, బియ్యప్పిండిలో వేలితో గీత గీయడం, అదీ రెండు నిమిషాలు. మొదటి వారం వాడు బాదుకోబోయే ముందే, భుజాలు బిగుసుకోవడం కనబడగానే, నేనే వాడి చేయి పట్టి అట్ట అందించేదాన్ని. అట్ట చేతికి రాగానే పిండి పళ్లెం తీసేసేవాళ్లం. ప్రతిసారీ, ఆ క్షణమే.

నాయనమ్మకు కోపమొచ్చింది. “అడిగినప్పుడల్లా వదిలేస్తే ఇక చదివేదెప్పుడు టీచరమ్మా? వాడాడించినట్టు మనం ఆడటమేగా?” ఇదే మన ఇళ్లన్నిటి ప్రశ్న కాబట్టి జవాబు వివరంగా చెప్పాలి. పెద్దమ్మగారూ, వాడిప్పుడూ మానేస్తున్నాడు, నెత్తురు కారేలా కొట్టుకుని మానేస్తున్నాడు. అట్ట ఇచ్చి మానేస్తే మనకు పోయిందేమిటి? అడిగితే దొరుకుతుందని నమ్మకం కుదిరాక, ‘ఒక్క గీత గీసి ఇవ్వు’ అనొచ్చు. తర్వాత రెండు. నమ్మకం కుదరకముందే బేరం మొదలుపెడితే మళ్లీ గోడ దగ్గరికే పోతాడు. ఇది నా సొంత తెలివి కాదు. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ నలుగురు పిల్లలతో చేసి చూపించారు. పని కష్టమై అల్లరి చేసేవాళ్లకు ‘నాకు అర్థం కాలేదు’ అనడం నేర్పారు. దృష్టి కోసం చేసేవాళ్లకు ‘నేను బాగా చేస్తున్నానా?’ అని అడగడం నేర్పారు. అల్లరి తగ్గింది. అవసరానికి సంబంధంలేని మాట నేర్పినప్పుడు మాత్రం తగ్గలేదు. ఆ తేడాను ఎవరూ మరచిపోకూడదు. మాట నేర్పడం ఒక్కటే చాలదు, వాడికి కావలసిన మాట నేర్పాలి.

ఆ ఇంట్లో రెండున్నర నెలలు పట్టింది. మధ్యలో పెళ్లికని ఊరెళ్లొచ్చి మళ్లీ మొదటికొచ్చారు. కాయ తగ్గి మచ్చ మిగిలింది. గోడకు సున్నం వేయించారు.

ఏబీఏ మీద ఇంకోవైపు నుంచీ దాడి ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టెయ్యను. అది పిల్లల్ని కుక్కల్లా తర్ఫీదు చేయడమని, ఆటిజం ఉన్న పెద్దవాళ్లే చాలామంది అంటున్నారు. వాళ్ల కోపానికి చరిత్ర ఉంది. 1960ల్లో లాస్ ఏంజిలస్‌లో ఇవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆటిజం ఉన్న పిల్లల మీద అరుపులు, చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడాడు. 1965లో లైఫ్ పత్రిక ఆ ఫొటోలు వేసింది. ఆయన 1987లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలోనూ తొడ మీద చరచడం ఉంది. మసాచుసెట్స్‌లోని జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ అనే సంస్థ కరెంటు షాకులను ఈ శతాబ్దంలోనూ వాడుతూ వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆ షాకులిచ్చే యంత్రాన్ని నిషేధిస్తే, ఆ నిషేధాన్ని 2021లో కోర్టు కొట్టేసింది. ఈ రంగానికి చెందిన అంతర్జాతీయ సంఘమే 2022లో ఆ షాకులకు వ్యతిరేకంగా నిలబడింది. చాలా ఆలస్యంగా నిలబడిందని నా అభిప్రాయం.

కాబట్టి శాస్త్రం పేరు చెప్పుకున్నంత మాత్రాన ఎవరూ పునీతులైపోరు. మన ఊళ్లలో థెరపీ కేంద్రమని బోర్డు పెట్టి, కళ్లలోకి చూడు, చేతులు కిందపెట్టు అని గంటల తరబడి పిల్లల్ని ఒత్తేవాళ్లు చేసేది పాత బెత్తం పనే, బెత్తం కనబడదు అంతే. చేతులు ఆడించుకోవడం, గుండ్రంగా తిరగడం, అదే మాట మళ్లీ మళ్లీ అనుకోవడం సమస్యలు కావు. వాడికి గాయం కాకపోతే, ఎదుటివాడికి గాయం కాకపోతే, వాడు నేర్చుకోవడానికీ బతకడానికీ అడ్డం రాకపోతే దాన్ని మాన్పించే హక్కు మనకెవరిచ్చారు? చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉందంటే ఆ సమస్య చూసేవాళ్లది. కానీ షాకులు వాడినవాళ్లను చూపించి, ముందూ వెనకా చూడాలనే పద్ధతినే పారెయ్యమంటే ఒప్పుకోను. పారేస్తే మిగిలేది ‘మొండి’ అనే మాటే. ప్రవర్తన వెనక ఉన్న అవసరం ఏమిటని అడిగి, ఆ అవసరాన్ని ఒప్పుకుని, దానికో భాష ఇచ్చే పని పిల్లవాడికి గౌరవం ఇవ్వడం కాకపోతే ఇంకేమిటి?

ఇది పరాయి దేశపు చదువు అనేవాళ్లు ఒకసారి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ వైపు చూడాలి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ 1984లో అక్కడే మొదలైంది. ఇప్పుడు దాని పేరు నీపిడ్. అక్కడే రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసం ఒక కొలబద్ద తయారుచేశారు. దాని రెండో భాగంలో సమస్యా ప్రవర్తనలు 75, పది విభాగాలుగా ఉంటాయి. ‘మొండి’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడానికి అందులో చోటు లేదు. ఏం చేస్తున్నాడు, ఎంత తరచుగా చేస్తున్నాడు అని విడివిడిగా గుర్తించాలి. టీచర్ల కోసం చేతిపుస్తకం కూడా వాళ్లే రాశారు. మన ఊళ్లోనే మూడు దశాబ్దాల కిందట ఇంత పని జరిగితే, ఆ సంస్థకు గంట దూరంలో ఉన్న ఇళ్లకు కూడా అది చేరలేదు. సామెత మాత్రం అన్ని ఇళ్లకూ చేరింది.

ఆఖరి అభ్యంతరం తీరికది. “నలభై మంది పిల్లలుంటే ఒక్కడి కోసం గళ్లు గీసుకుంటూ కూర్చోమంటారా మేడం?” అని ఒక ప్రధానోపాధ్యాయుడు నన్ను అడిగారు. ఐదో తరగతి పిల్లవాణ్ని తీసుకెళ్లిపొమ్మని తల్లిదండ్రులను పిలిపించిన రోజది. పక్కవాళ్లను కొడుతున్నాడు, ఎన్నిసార్లు బయట నిలబెట్టినా సిగ్గు లేదన్నారు. గళ్లు గీయక్కర్లేదు సార్, రెండు వారాలపాటు వాణ్ని బయటికి పంపిన ప్రతిసారీ హాజరుపట్టీ వెనక పేజీలో టైము, సబ్జెక్టు వేయించండి చాలు అన్నాను. రెండు వారాల్లో పదకొండుసార్లు పంపారు. అందులో తొమ్మిదిసార్లు మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చే తెలుగు డిక్టేషన్ పీరియడే. ఆ పేజీ చూసి తెలుగు టీచరమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాడి నోటుపుస్తకం తెప్పించింది. ప్రతి పేజీ పైనా బోర్డు మీద చూసి దించుకున్న తేదీ, దాని కింద ‘డిక్టేషన్’ అని గుండ్రటి అక్షరాలు. ఆ కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు, అంకెల పక్కన ఖాళీ.